ఓబులమ్మ బయటి సాలు

అనగనగా ఒక ఊళ్ళో రాజూ లేడు, రాణీ లేదు, మీ అమ్మమ్మే ఉండేది. నవ్వకు. అప్పటికి నాకు పళ్ళన్నీ ఉండేవి, పొగరూ ఉండేది, ఏడు మేకలూ ఉండేవి. పెద్ద మేక మెడలో ఒక పగిలిన గంట. అది గణగణమనేది కాదు, డొక్కు డొక్కుమనేది.

మా చేను పక్కనే ఓబులమ్మ చేను. కొండ కింద ఎర్రనేల. వానొస్తే మట్టి వాగులోకి పోయేది, రాళ్ళు చేలో మిగిలేవి. వేరుశనగ వేస్తే విత్తనమంతైనా తిరిగొచ్చేది కాదు. అప్పుడు ఓబులమ్మ, సాళ్ళ మధ్య చెట్లు పెంచితే మట్టి నిలుస్తుంది, ఆకు రాలి నేల బాగుపడుతుంది అంది. ఊరంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేను నవ్వాను.

మొదటి ఏడు చింత మొక్కలు నాటింది. ఊరి బోరు నుంచి బిందెలతో నీళ్ళు మోసి పోసింది. కాయ పీకేశాక ఎవరి చేలోనైనా ఎవరి మేకలైనా మేయొచ్చని మా ఊళ్ళో ఒక రివాజు. మొక్కలున్న చేలో అది చెల్లదని నాకు తెలుసు. అయినా కొండదాకా నడవడానికి బద్ధకించి, ఓబులమ్మ ముళ్ళకంచె పక్కకి నెట్టి మేకల్ని తోలాను. పొద్దుగూకేసరికి ఒక్క మొక్కా లేదు.

రెండో ఏడు నేరేడు నాటింది. మళ్ళీ తోలాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, నన్నెవరూ చూడలేదనుకున్నాను. ఆ తర్వాత ఓబులమ్మా మొగుడూ చేను బీడు పెట్టి బెంగుళూరుకి ఇటుకల పనికి పోయారు. పోయే ముందు తాళంచెవి నా చేతికే ఇచ్చి, "ఇల్లు రవ్వంత చూస్తాండక్కా" అంది. ఆరు నెలలు అది నా కొంగున ఉంది. చేతికి తగిలినప్పుడల్లా అన్నం సహించేది కాదు.

మూడో ఏడు తొలకరికి తిరిగొచ్చింది. లోపల మళ్ళీ చింతా, నేరేడూ. బయట మాత్రం చుట్టూరా ఒక సాలు సుబాబుల్ వేసింది. అది మేక కొరికిన కొద్దీ చిగురేసే చెట్టు. ఈసారి నేను తోలలేదు. మేకలే అలవాటుకొద్దీ పోయాయి, నేను ఆపలేదు. అవి బయటి సాలు దగ్గరే కడుపు నింపుకుని వచ్చేసేవి.

ఆ తర్వాత నాలుగేళ్ళకి కరువొచ్చింది. కొండ మీద గడ్డిపోచ లేదు. మేకలు ఎముకలు తేలాయి. ఏడ్చుకుంటూ వాటిని సంతకి తోలబోతున్నాను. అప్పుడు ఓబులమ్మ నెత్తిన పచ్చటి కొమ్మల మోపుతో మా వాకిట్లోకి వచ్చింది. ఆమె చేలో ఎర్రమట్టి నల్లబడింది. ఆ కరువులోనూ ఇంటికి సరిపడా కాయ పండింది.

"నీ మేకలకే తెచ్చినాక్కా. బయటి సాలు వాటికోసమే ఏసినా. అవి తినేది తింటే లోపలివి బతుకుతాయని."

"మొక్కలు తిన్నవి నా మేకలని నీకెట్లా తెలుసు?" అన్నాను.

"ఆ డొక్కు గంట ఊళ్ళో ఇంకెవరికుందక్కా," అంది మామూలుగా.

అంటే తాళంచెవి ఇచ్చేనాటికే ఆమెకి తెలుసు. నాకు తల కొట్టేసినట్టయింది. మోపు దించడానికి చేయి కూడా అందించలేకపోయాను.

ఆ తర్వాత నేనూ మా చేలో చెట్లు పెట్టాను. నీళ్ళు సగం ఓబులమ్మే మోసింది. పొద్దున నువ్వు మూతంతా ఊదారంగు పూసుకుని తిన్న నేరేడు పళ్ళు ఆమె చేలోవే.

తప్పయింది ఓబులమ్మా అనే మాట మాత్రం ఇవాళ్టికీ అనలేదు. రేపు నువ్వు నాతో రా బంగారూ. నా చేయి గట్టిగా పట్టుకో. ఒక్కదాన్నే పోతే మళ్ళీ పళ్ళ గురించి మాట్లాడి వచ్చేస్తాను.

కథ కంచికి, మేకలు ఇంటికి,
నిద్ర నీ కంటికి, సిగ్గు అమ్మమ్మ ఒంటికి.