గాలిగిన్నెలకు బంతిపూల దండ

రేవులంకలో త్రిమూర్తులు అనే ఆరంభశూరుడు ఉండేవాడు. పని మొదలుపెట్టడంలో ఆయన తరవాతే ఎవరైనా. దాన్ని నిలబెట్టుకోవడంలో మాత్రం ఎవరి తరవాతైనా ఆయనే. కాలువల శాఖలో ఉద్యోగం విరమించాక ఆయనకు వాతావరణం మీద మోజు పుట్టింది. డాబా మీద ఇనుప గొట్టం పాతించి, దాని కొసన గాలికి తిరిగే మూడు గిన్నెలు, వాటి కిందనే వాననీళ్లు పట్టే గరాటు బిగించాడు. గాలి ఎంత, వాన ఎంత అన్నది హాల్లో గోడకున్న చిన్న డబ్బాలో అంకెలుగా కనిపించేది. పొద్దున్నే ఆ అంకెలను వీధరుగు దగ్గర నల్లబల్ల మీద రాసేవాడు.

మొదట్లో రోజూ గిన్నెలు తుడిచి, ఇరుసుకు నూనె వేసి, గరాటులో పడ్డ ఆకులు తీసేవాడు. ఊళ్లోవాళ్లు ఆ బల్ల చూసే వడ్లు ఎండబోసుకునేవారు. తీరా పేరు వచ్చాక ఆయనకు డాబా మెట్లు బరువైపోయాయి.

దసరాకు మాత్రం ఎక్కాడు. ఆయుధపూజ కదా! ఇరుసుకు గంధం పూసి, కుంకుమ బొట్టు పెట్టి, గిన్నెలకు బంతిపూల దండ చుట్టి, కొబ్బరికాయ కొట్టి దణ్ణం పెట్టుకున్నాడు. మర్నాడు దండ తీసెయ్యమని భార్య సుభద్ర చెప్పింది. రేపు తీస్తానన్నాడు. కార్తీకం వెళ్లిపోయింది గాని ఆ రేపు రాలేదు. బల్ల మీద మాత్రం ‘గాలి సున్నా, వాన సున్నా’ అని గుండ్రటి అక్షరాలతో రాస్తూనే ఉన్నాడు. ఈసారి చలికాలం ఎంత నెమ్మదిగా వచ్చిందో అని మురిసిపోయాడు కూడా.

అంతలో సముద్రంలో తుఫాను పుట్టింది. అది ఎటు తిరుగుతుందో ఇంకా తెలియదని రేడియో చెప్పింది. త్రిమూర్తులు చెల్లెలు మంగాయమ్మ అప్పటికే వరి కోయించి, పనలు ఆరడానికి చేలో వదిలింది. భర్త పోయాక ఆమెకూ ఇద్దరు ఆడపిల్లలకూ ఏడాది తిండి ఆ కౌలు చేనే. పచ్చి పనలు కుప్ప వేస్తే గింజ ముక్కిపోతుంది. వేయకుండా వాన పడిందా, అసలుకే మోసం. కూలీలను గట్టు మీద కూర్చోబెట్టి ఆమె అన్న దగ్గరికి వచ్చింది.

“అన్నయ్యా, కుప్పేయించేమంటావా, ఇంకో రోజు ఆరనిమ్మంటావా?” అని అడిగింది.

త్రిమూర్తులు పడక్కుర్చీలోంచి లేవకుండానే డబ్బా వైపు మెడ తిప్పాడు. “గాలి సున్నా చెల్లెమ్మా. ఆరనియ్యి” అన్నాడు.

“బయట కొబ్బరాకులు ఊగిపోతన్నాయి కదా.”

“కాకి వాలినా ఊగుతాయవి. మీటరు అబద్ధం చెప్పదు.”

అన్న మాటే వేదం ఆమెకు. కూలీలను పంపేసింది. వాళ్లు ఇంకో రైతు చేలోకి వెళ్లిపోయారు.

మధ్యాహ్నం భోజనాల వేళకు ఆకాశం నల్లబడింది. కిటికీ రెక్కలు టపటపా కొట్టుకున్నాయి. పక్కింటివాళ్ల పశువుల పాక మీది రేకు ఎగిరి వీధిలో పడింది. త్రిమూర్తులు ముద్ద చేతిలో పట్టుకుని డబ్బా కేసి చూశాడు. గాలి సున్నా. గుమ్మంలోకి జల్లు కొట్టింది. మళ్లీ చూశాడు. వాన సున్నా.

కంచం వదిలేసి, మెట్ల పక్క గోడ పట్టుకుని డాబా ఎక్కాడు. నిలబడితే గాలి తోసేస్తోంది. గొట్టం పట్టుకుని పైకి చూస్తే, అంత గాలిలోనూ గిన్నెలు కదలడం లేదు. ఎండిన దండ దారం ఇరుసుకు బిగుసుకుని ఉంది. దాని మీద గంధం పెళ్లలు కట్టి ఉంది. రాలిన బంతిరేకులు కుళ్లి గరాటు కన్నం మూసేశాయి. దారం తెంపేసరికి గిన్నెలు కంటికి కనబడనంత వేగంగా తిరిగాయి. ఆయనకు ఏడుపొచ్చింది.

చేలోకి పరుగెత్తాడు. పిలిస్తే రావడానికి ఒక్క కూలీ లేడు, ఎవరి పంట వాళ్లు కాపాడుకుంటున్నారు. మంగాయమ్మా ఆడపిల్లలూ అప్పటికే పనలు ఎత్తుతున్నారు. త్రిమూర్తులు కూడా మోకాళ్ల నొప్పులు మరిచి, మోపులు నెత్తినెత్తుకుని గట్టుకు చేరవేశాడు. బరకం కప్పబోతే గాలికి చిరిగింది. ఇంకో బరకం తెచ్చి దాని మీద రాళ్లు పెట్టారు. చీకటి పడేలోగా సగం చేను గట్టెక్కింది. మిగతా సగం నీళ్లలోనే ఉండిపోయి మొలకలెత్తింది.

తుఫాను వెలిశాక త్రిమూర్తులు ఆ మొలకల మధ్య నిలబడి, తప్పు మీటరుది కాదు, అంతా తనదేనని చెప్పాడు.

మంగాయమ్మ చీర కొంగు పిండుకుంటూ అంది: “ఆ డబ్బా సంగతి నాకేం తెలుసు అన్నయ్యా? నేను నిన్ను నమ్మాను.”

ఆ ఏడాది ఆమె ఇంట్లో తిండి గింజలు తరిగిపోయినప్పుడల్లా త్రిమూర్తులు తన గాదెలోంచి బస్తా మోసుకెళ్లి పెట్టి వచ్చేవాడు. వెళ్లిన ప్రతిసారీ తల వంచుకునే వెళ్లేవాడు.

మళ్లీ దసరా వచ్చింది. సుభద్ర గంధం గిన్నె అందించబోతే, ముందు పాతగుడ్డ, నూనె డబ్బా ఇమ్మన్నాడు త్రిమూర్తులు. ఇరుసు శుభ్రం చేసి, బొట్టు మాత్రం కింద గోడకు పెట్టాడు. మంగాయమ్మ ఇప్పటికీ వాన గురించి ఆయన్నే అడుగుతుంది. కాకపోతే మొదట అడిగేది ఒకటే: “పైకెక్కి చూశావా అన్నయ్యా?”

పనిముట్టుకు దణ్ణం పెట్టి వదిలేస్తే అది అవసరానికి ఆదుకోదు. రోజూ శుభ్రంగా చూసుకోవడమే దానికి అసలైన పూజ, మనల్ని నమ్మినవాళ్లకు మనం చేసే మేలు.