రత్తమ్మగారు తోమిన స్తంభాలు

అనగనగా గోదారి లంకల్లో ఓ ఊళ్ళో చిదంబరాచారి అనే వడ్రంగి ఉండేవాడు. ఆయన ఉలి పట్టుకుంటే కర్ర చెప్పినమాట వినేది. మనుషులే వినేవాళ్ళు కాదమ్మా. అందులోనూ రత్తమ్మగారు! ఊఁ కొట్టు మరి.

రత్తమ్మగారిది పాతకాలం మండువా ఇల్లు. ఆచారి తాత కట్టిందే. దూలాల దగ్గర ఒక్క మేకు లేదు. స్తంభం తలని మొనలా చెక్కి, దూలానికి తొలిచిన బెజ్జంలో దూర్చడమే. ఆ మొనని కుసి అంటారు. ఏ కుసి ఆ బెజ్జానికే పడుతుంది, పక్కదానికి పట్టమన్నా పట్టదు. అలాంటి స్తంభాలు పదహారు.

వాటి కాళ్ళకి చెద పట్టింది. అప్పుడు ఆచారి ఇల్లంతా విప్పి, చెద తిన్న కాళ్ళకి కొత్త కర్ర అతికి, అన్నీ పెరట్లో పేర్చాడు. ఏది ఎక్కడిదో తెలియడానికి స్తంభాల మీదా, దూలాల మీదా సుద్దతో అంకెలు వేసుకున్నాడు. రత్తమ్మగారూ, కోడలూ, ఉయ్యాల్లో పసివాడూ తాటాకు పాకలోకి మారారు. "వానలు పడేలోపు ఇల్లు నిలబెడతానమ్మగారూ" అని మాటిచ్చాడు ఆచారి.

మర్నాడొచ్చి చూస్తే ఒక్క అంకె లేదు!

"కర్రలన్నీ మాసిపోయాయి ఆచారీ, తడిగుడ్డ పెట్టి తుడిచాను" అంది రత్తమ్మగారు, మురిసిపోతూ.

ఆచారి పళ్ళు నూరుకున్నాడు. ఒక్కొక్క స్తంభం మోసి, బెజ్జం బెజ్జానికీ పెట్టి చూసి, మళ్ళీ జత కలిపేసరికి నాలుగు రోజులు పట్టింది. ఈసారి బొగ్గుతో రాశాడు.

ఆవిడ చింతపండు పెట్టి తోమేసింది.

మళ్ళీ నాలుగు రోజులు. నడుం పడిపోయింది పాపం. ఆ తర్వాత ఎర్ర రంగుతో ఇంతింత అంకెలు వేసి, "అమ్మగారూ, మీకు దణ్ణం పెడతాను, వీటి జోలికి రాకండి" అన్నాడు. ఆవిడ సరేనంది. పొద్దున్నే కిరసనాయిలు పోసి కడిగేసింది!

"ఎర్రగా మరకలు పడితే చూస్తూ ఊరుకోనా ఏమిటి?" అంది పైగా.

అప్పటికి ఆకాశం నల్లబడింది. పాకలో పసివాడు దగ్గుతున్నాడు. ఆచారి ఉలి విసిరికొట్టి, నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడ్డాడు. ఇచ్చిన మాట పోయింది, తాత పరువూ పోయింది అని ఏడుపొచ్చేసింది.

అప్పుడు రత్తమ్మగారు పీచు పట్టుకుని వచ్చింది.

"అన్నీ పోయాయి గానీ ఆచారీ, ఈ తలల మీద గీతలు మాత్రం ఎంత తోమినా పోవడం లేదయ్యా!"

ఆచారి లేచి చూశాడు. ఏళ్ళనాటి మసి వదిలిన కుసి మీద ఉలిగాట్లు! ఒకదానికి ఒకటి, ఇంకోదానికి రెండు, అలా పదహారు దాకా. దూలం మీద చూస్తే బెజ్జం పక్కనా అవే గాట్లు. తాత చెక్కినవి.

"ఈ ఇంటి ఆడవాళ్ళ తోముడు సంగతి మా తాతకి ముందే తెలుసన్నమాట!" అన్నాడు ఆచారి. కోపమొచ్చింది, నవ్వూ వచ్చింది.

గాటుకి గాటు కలిపి మూడు రోజుల్లో ఇల్లు నిలబెట్టాడు. పెంకు కప్పారో లేదో, వాన దబదబా కురిసింది. పసివాడు కొత్త కప్పు కింద వెచ్చగా నిద్రపోయాడు.

"ఇంకేమైనా కడగనా ఆచారీ?" అంది రత్తమ్మగారు.

"చేతులు కడుక్కుని అన్నం తినండి తల్లీ!" అన్నాడాయన.

కుసి బెజ్జానికి, కునుకు కంటికి,
కథ కంచికి, నువ్వు మంచానికి!