ఇసుకలో కొలత

అచ్యుతానికి వచ్చిన చిక్కంతా మోకాళ్ళతోనే. మనసు ఎప్పుడో వెళ్ళి పోలన్న పడవలో కూర్చుంది. మోకాళ్ళే దానికి ఒప్పుకోవడం లేదు.

ఆ పడవ పేరు నల్లపిల్ల. ఒక్క మనిషికి మాత్రమే చోటుండే సన్నటి కయాక్. పోలన్న తన చేత్తో చెక్కపట్టీలు అతికి, తన ఒంటికి తగ్గట్టు చేసుకున్నాడు. పొద్దున్న మంచులో అది వెళుతుంటే పడవే వెళుతోందో, ముసలాయనే నడుముదాకా నీళ్ళలో దిగి నడిచిపోతున్నాడో ఒడ్డున ఉన్నవాళ్ళకి తెలిసేది కాదు.

పోలన్నకి డెబ్బై దాటాయి. కుర్రతనంలో తెప్పమీద వేటకి వెళ్ళాడు. తర్వాత ఓడపనికి పోయి, ఏదో చలిదేశపు రేవులో ఈ కయాక్‌లు చూసి, అక్కడి ముసలివాళ్ళ పక్కన కూర్చుని ఆ పని నేర్చుకున్నాడు. చింతలరేవుకి తిరిగొచ్చాక ఒడ్డున కమ్మల పాక వేసుకుని, అడిగినవాళ్ళకి సముద్రం నేర్పుతున్నాడు. కయాక్ అన్న మాట ఊళ్ళో ఎవరికీ నోరు తిరగలేదు. తొడుగుపడవ అని ఆయనే పేరు పెట్టాడు.

"మిగతా పడవలు ఎక్కుతాం. దీన్ని తొడుక్కుంటాం" అనేవాడు. "ఒదులైతే మన మాట ఇనదు. బిగువైతే మనల్నే మాటాడనివ్వదు."

పడవ కొలత తీయడానికి ఆయన దగ్గర టేపులూ బద్దలూ ఉండేవి కావు. కొత్తగా వచ్చినవాణ్ణి తడి ఇసుకలో కాళ్ళు చాపి కూర్చోమనేవాడు. కాసేపు అటూ ఇటూ కదలమని, ఆ తర్వాత రెండు చేతులూ పట్టుకుని పైకి లేపేవాడు. ఇసుకలో మిగిలిన గుంటని జానలతో, వేళ్ళతో కొలిచి, పాకలోకి వెళ్ళి పని మొదలుపెట్టేవాడు. ఎనిమిదేళ్ళ కిందట పట్నంలో ఉద్యోగం వదిలేసి వచ్చిన అచ్యుతాన్నీ అలాగే కూర్చోబెట్టాడు. అచ్యుతం ఆరడుగుల మనిషి. ఎముకలు కూడా బరువే. నెలరోజుల తర్వాత అతని ముందుకి వెడల్పాటి ఆకుపచ్చ పడవ వచ్చింది.

"దున్నపోతులాగుంది" అంది దేముడమ్మ. ఆమె పోలన్నకి వరసకి కోడలు. ఎండుచేపలమ్ముకుంటూనే తెడ్డు పట్టడం నేర్చుకుంది. ఆ రోజునుంచీ పడవకి అదే పేరు స్థిరపడిపోయింది. అచ్యుతం నవ్వాడు గాని, ఆ మాట అతని లోపల ఎక్కడో ముల్లులా ఉండిపోయింది.

ఏటా మాఘంలో సముద్రం నిమ్మళించాక గురువు శిష్యుల్ని పావురాల తిప్ప అనే దీవికి తీసుకెళతాడు. పూట ప్రయాణం. అయిదు పడవలు వెళితే ముందుది ఎప్పుడూ నల్లపిల్లే. అది ఎటు తిరిగితే మిగతావీ అటే. ఆ ఏడు పుష్యమాసంలోనే, తెడ్డుకి నూనె రాస్తూ, పోలన్న ఒక మాట అన్నాడు.

"ఈసారి ముందు నాను ఉండను."

మిగతావాళ్ళు తమ పనుల్లో పడ్డారు. అచ్యుతానికి మాత్రం ఆ సాయంత్రం అన్నం సయించలేదు. ముందు గురువు ఉండడంటే నల్లపిల్లలో ఇంకెవరో కూర్చుంటారు. ఎవరు కూర్చుంటారో వాళ్ళే తర్వాత ఈ పాకకి పెద్ద. ఉద్యోగం, ఊరు, నలుగురిలో ఉన్న పేరు అన్నీ వదులుకుని వచ్చింది ఆ ఒక్క చోటు కోసమేనని అప్పుడే అతనికి తెలిసొచ్చింది. ఆ చోటు తనది కాకపోతే ఈ ఎనిమిదేళ్ళూ ఏమైనట్టు?

పోలన్న రోజూ తెల్లవారుతుండగా తడి ఇసుకలో కూర్చుని సముద్రాన్ని చూసేవాడు. ఎండ పొడుచుకొచ్చే వేళకి లేచి వెళ్ళిపోయేవాడు. ఆయన కూర్చున్న గుంట అలల పోటు వచ్చేదాకా అలాగే ఉండేది. ఒకరోజు అచ్యుతం అటూ ఇటూ చూసి అందులో కూర్చున్నాడు. పట్టలేదు. నడుము ఒరుసుకుంది, మోకాళ్ళు గట్టుమీదే ఉండిపోయాయి.

మర్నాడు మళ్ళీ కూర్చున్నాడు. ఆ మర్నాడూ అంతే. రాత్రి భోజనం మానేశాడు. ఊపిరి బిగబట్టడం, భుజాలు వంచడం, గురువులా మెడ కాస్త ఎడమకి వాల్చడం అలవాటు చేసుకున్నాడు. గుంటలో ఇసుక ఇంకా గోరువెచ్చగా ఉండేది. కళ్ళు సగం మూస్తే మంచు, నీళ్ళు, ఆకాశం అన్నీ ఒకే రంగులో కలిసిపోయేవి. తనకి డెబ్బై ఏళ్ళు వచ్చినట్టు, ఒళ్ళు తేలికపడినట్టు ఉండేది. దూరంగా తిప్పమీద పావురాల రెక్కల చప్పుడు వినిపిస్తోందనిపించేది. అంత దూరంనుంచి వినపడదని తెలిసినా ఆ చప్పుడు వింటూ కూర్చునేవాడు. అంత హాయిగా అతను ఎన్నడూ లేడు.

వారం తిరిగేసరికి నడుము పట్టింది. పదిహేను రోజులకి తొడలు. నెల నిండే సరికి మోకాళ్ళు కూడా గుంటలో ఒదిగిపోయాయి. ఆ పొద్దున్న అచ్యుతానికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. తను గురువంత అయ్యాడు.

నేరుగా పాకకి వెళ్ళాడు. "గురువుగారూ, నల్లపిల్ల నాకు సరిపోతుంది."

పోలన్న చేస్తున్న పని ఆపలేదు. "అలాగా బాబూ. అయితే తొడుక్కో."

నల్లపిల్లని నీళ్ళ అంచుకి మోసుకొచ్చారు. అచ్యుతం కాళ్ళు లోపలికి జొనిపాడు. తొడలదాకా వెళ్ళాయి. ఆపైన కదల్లేదు. ఊపిరి బిగబట్టాడు, భుజాలు వంచాడు, మెడ ఎడమకి వాల్చాడు. మెడతో పనేమిటో ఆ మోకాళ్ళకి అర్థమైనట్టు లేదు. ముందుకీ వెనక్కీ ఊగి ఊగి, చివరికి లోపలికి దూరనూ లేక, బయటికి రానూ లేక ఉండిపోయాడు. దేముడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆమే వచ్చి చంకల్లో చేతులు వేసి బయటికి లాగింది.

సిగ్గుతో అచ్యుతం మొహం కందిపోయింది. సిగ్గుకంటే ఎక్కువగా అతనికి అర్థం కాకపోవడమే బాధగా ఉంది.

"గుంటలో సరిగ్గా పట్టాను గురువుగారూ. ఇవాళ పొద్దున్నే. మీరు లేచి వెళ్ళాక అందులో కూర్చున్నాను. నెల రోజులుగా కూర్చుంటున్నాను." మాట పూర్తయ్యాకగాని తన గుట్టు తనే బయటపెట్టుకున్నానని తెలియలేదు.

పోలన్న ఆశ్చర్యపోలేదు. అచ్యుతం చెయ్యి పట్టుకుని ఇసుకలోకి తీసుకెళ్ళాడు. పొద్దుటి గుంట ఇంకా అక్కడే ఉంది. ముసలాయన పంచె పైకి దోపుకుని అందులో కూర్చుని, కాళ్ళు చాపాడు.

తండ్రి చొక్కా వేసుకున్న పిల్లాడిలా ఉన్నాడు. నడుముకి అటు బెత్తెడు, ఇటు బెత్తెడు ఖాళీ. మోకాళ్ళ దగ్గర గుమ్మడికాయ పెట్టేంత చోటు. మడమలు చివరిదాకా అందనే లేదు.

పోలన్న పక్కకి వంగాడు. అరచెయ్యి చాపి, గుంట అంచునుంచి పిడికెడు ఇసుక తీసి అవతల పోశాడు. రోజూ చేసే పని చేసినట్టే చేశాడు.

"ఓ మాఁవా" అంది దేముడమ్మ వెనకనుంచి, "రోజూ లెగిసే ముందు అలా తవ్వుతుంటే పీతలకోసం ఎతుకుతున్నావనుకున్నాను."

అచ్యుతం ఆ గుంటని చూస్తూ నిలబడిపోయాడు. ముప్ఫై పొద్దులు. పొద్దుకి రెండేసి పిడికిళ్ళు. ఎనిమిదేళ్ళ కిందట ఒక్కసారి తీసిన కొలత ఆ వేళ్ళకి ఇంకా గుర్తుంది. పోలన్న పైకి చేతులు చాపాడు. అచ్యుతం ఆయన్ని లేపి నిలబెట్టాడు. ముసలాయన ఎంత తేలిగ్గా ఉన్నాడో అప్పుడు తెలిసింది. ఇంతలో ఒక అల వచ్చి గుంటని నింపి, అంచులు నున్నగా చేసి వెనక్కి పోయింది.

ఆ సాయంత్రం అతను పాక వెనక బోర్లించి ఉన్న ఆకుపచ్చ పడవని తిరగేశాడు. సాలెగూళ్ళు తుడిచి నీళ్ళలోకి తోసి, తొడుక్కున్నాడు. మోకాళ్ళు వాటి చోటికి అవే వెళ్ళాయి. నడుము కాస్త కదిలితే పడవ కాస్త కదిలింది. అది తనకెంత బాగా సరిపోయిందంటే, ఎనిమిదేళ్ళూ అది ఉందన్న సంగతే అతను పట్టించుకోలేదు. ఆ రాత్రి కడుపునిండా అన్నం తిన్నాడు. గురువు చోటు ఇక తనది కాదు. బాధ లేకపోలేదు. కాని ఆ బాధలో కూడా ఒళ్ళు కుదురుగా ఉంది.

మాఘం వచ్చింది. బయల్దేరే రోజున మంచు ఎంత దట్టంగా ఉందంటే, చాపిన తెడ్డు కొస తెడ్డుపట్టినవాడికే కనపడలేదు. కెరటాలు దాటాక అయిదు పడవలూ ఒకచోట చేరాయి. నల్లపిల్లలో పోలన్నే కూర్చుని ఉన్నాడు. అచ్యుతం ఎదురుచూశాడు, ఎవరో ఒకరు ముందుకి వెళతారని. ఎవరూ కదల్లేదు. గురువు ఒళ్ళో తెడ్డు పెట్టుకుని నీళ్ళలోకి చూస్తున్నాడు.

"ఏటి బాబూ" అంది దేముడమ్మ, "మేఁవందరం ఈ నీళ్ళమీదే పొయ్యి ఎలిగించుకోవాలా?"

అచ్యుతం అందరి మొహాలూ చూశాడు. అందరూ అతన్నే చూస్తున్నారు. తెడ్డు నీళ్ళలో ముంచాడు. ఆకుపచ్చ పడవ మెల్లగా మంచులోకి కదిలింది.

ఆ తర్వాత ఒడ్డూ లేదు, ఆకాశమూ లేదు. మెత్తటి తెలుపులో తెడ్డు చప్పుడొక్కటే ఉంది. ముందు నల్లటి వీపు కనపడడం అతనికి అలవాటు. ఇప్పుడక్కడ ఏమీ లేదు. కాసేపటికి వెనక్కి తిరిగి చూశాడు. ఇంకాసేపటికి మళ్ళీ చూశాడు. మూడోసారి తిరిగినప్పుడు మంచు కాస్త విడి, నల్లపిల్ల ముక్కు కనపడింది.

"ముందు సూడు బాబూ" అన్నాడు పోలన్న. "నాను నీ ఎనకాలే వస్తన్నాను."