బంగారయ్య కూతురి కాలికట్టు

తొక్కుడుబిళ్ళ ఆడుతూ నీల చీలమండ మడతపడి ఇరవై ఆరు రోజులైంది. ఊరందరి బెణుకులూ చూసే బంగారయ్యకు, సొంత కూతురి కాలికున్న కట్టు విప్పడానికి మాత్రం చేతులు రావడం లేదు.

మొదట్లో అన్నీ సరిగ్గానే చేశాడు. గరిడీలో తనకు కర్రసాముతో పాటు బెణుకుల వైద్యమూ నేర్పిన గవరయ్యగారిని పిలిచి, ఎముకకు ఏమీ కాలేదని తేల్చుకున్నాడు. వాచిన కాలిని దిండు మీదికెత్తి తడిగుడ్డ వేశాడు. మెత్తటి కట్టు చుట్టాడు. వేడి నూనె గిన్నెతో వచ్చిన అక్కను గుమ్మంలోనే ఆపేశాడు.

"ఇప్పుడు నలిపితే వాపు పెరుగుతాది. వద్దప్పా!"

వారానికి వాపు తీసింది. కమిలిన చోట పసుపు తిరిగి, ఆ పసుపూ పోయింది. అయినా కట్టు రోజూ మార్చాడే గాని, తీసెయ్యలేదు. పిల్లను బడికి భుజాన మోశాడు, పెరట్లోకి చంకన మోశాడు. ఓ రోజు రెండు పిక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే, కట్టున్న కాలి పిక్క సన్నబడి ఉంది. కాలికి ఇంకా బలం రాలేదనుకుని కట్టు ఇంకాస్త బిగించాడు.

ఆ ఆదివారం పిల్లను ఎత్తుకునే గరిడీకి వెళ్లాడు. పిక్క పట్టేసి పది రోజుల కిందట వచ్చిన బస్తాలు మోసే సింహాచలం అక్కడ కాచుకుని ఉన్నాడు. బంగారయ్య చూసి, వీపు మీద తట్టాడు.

"మంచం దిగి నడువు మావా. కాస్త నొప్పి ఉంటాది, భయపడకు. కూకుంటే కాలు మొద్దుబారిపోద్ది."

సింహాచలం వెళ్లాక నీల మూతి ముడిచింది.

"ఆయన్ని నడవమంటావు. నన్నేమో మూటలా మోస్తావు."

"ఆయన పెద్దోడమ్మా."

గవరయ్యగారు అరుగు మీద కూర్చుని ఇదంతా విన్నారు. బంగారయ్య పిల్లను ఆయన పక్కన దించాడు.

"గురువుగారూ, పిక్క ఎలా చిక్కిపోయిందో చూడండి. ఇంకో పదిహేను రోజులు ఉంచమంటారా కట్టు?"

ఆయన కాలు ఒళ్లోకి తీసుకుని కట్టు విప్పారు. చీలమండ చుట్టూ వేళ్లతో నొక్కారు. పాదాన్ని పైకీ కిందికీ ఆడించారు.

"నొప్పెడతందా తల్లీ?"

"లేదు తాతా. చక్కిలిగింత."

"ఒరే, చేతులిలా తే."

విప్పిన కట్టుగుడ్డ పట్టుకోమంటున్నారేమోనని బంగారయ్య రెండు చేతులూ చాచాడు. గురువుగారు ఆ మణికట్లు రెండూ కలిపి, అదే గుడ్డతో చుట్టి ముడేశారు.

"ఇదేటి గురువుగారూ!"

"కట్టు ఉంచాలన్నావు కదరా. ఉంచాను." పిల్లవైపు తిరిగారు. "ఆ గోడ దాకా వెళ్లిరా తల్లీ."

నీల నేల మీద పాదం ఆనించింది. మడమ ఆనలేదు. రెండో అడుగుకు ఒళ్లు పక్కకు తూలింది. బంగారయ్య ఒక్క దూకు దూకాడు. పట్టుకోవడానికి చేతులు విడిపడక మోకాళ్ల మీద పడ్డాడు.

"పడిపోతంది! పట్టుకోండి గురువుగారూ!"

ఆయన కదల్లేదు. పిల్ల రెండు చేతులూ చాపి నిలదొక్కుకుంది. ఈసారి మడమ ఆనింది. ఒక్కో అడుగూ వేస్తూ గోడను ముట్టుకుని, కుంటుతూ తిరిగొచ్చింది. పై పెదవి మీద చెమట.

"నొప్పెట్టిందా అమ్మా?" బంగారయ్య మోకాళ్ల మీదే ముందుకు జరిగాడు.

"కాస్త. కాస్త ఉంటాదని ఆయనకి చెప్పావుగా!"

నీల నవ్వుతూ వాళ్ల నాన్న ముందు చతికిలబడి, మణికట్ల దగ్గర ముడి కోసం వెతికింది. బంగారయ్య చేతులు వెనక్కి లాక్కున్నాడు.

"ఉండనీ తల్లీ," అన్నాడు. "ఇంకోసారి వెళ్లిరా."