ఆగని ఆటలు, చెంగి కాలు

నల్లేరుకోన అడవిలో దుప్పులు, కొండముచ్చులు, ఎలుగుబంట్లు, కుందేళ్ళు కలిసిమెలిసి ఉండేవి. వాటన్నిటికీ బుట్టబంతి ఆటంటే ప్రాణం. అడుగు ఊడదీసిన వెదురుబుట్టను మద్దిచెట్టు కొమ్మకు కట్టేవి. ఈతనారతో చుట్టిన బంతిని అందులో వేసేవి. కొండముచ్చులు చేత్తో వేస్తే, దుప్పులు ఎగిరి తలతో వేసేవి.

నల్లేరుకోన జట్టులో చెంగి అనే చుక్కల దుప్పి ఉండేది. చెంగి ఎగిరిందంటే బంతి బుట్టలో పడాల్సిందే. జట్టుకు ఆట నేర్పేది నల్లమ్మ అనే ముసలి ఎలుగుబంటి. పిల్లలందరూ ఆమెను అత్తా అని పిలిచేవారు. చెంగి అంటే నల్లమ్మకు వల్లమాలిన ప్రేమ.

ఏటా ఎండాకాలం చివర్లో చుట్టుపక్కల అడవుల మధ్య పోటీలు జరిగేవి. ఒక ఆట అయ్యాక కొన్నాళ్ళు విశ్రాంతి. తరువాత ఇంకో ఆట.

ఒక ఏడాది పోటీలు నడిపే పని నీలకంఠం అనే నెమలికి అప్పగించారు. నీలకంఠానికి జనం చప్పట్లంటే ఇష్టం.

"విశ్రాంతి రోజులన్నీ తీసేద్దాం. రోజూ ఆట పెడదాం. ఇవాళ ఈ అడవిలో, రేపు ఆ అడవిలో. వానలు పడేలోపు బోలెడు ఆటలు చూడొచ్చు!" అన్నాడు.

చూసేవాళ్ళు కేరింతలు కొట్టారు. నల్లమ్మ మాత్రం ముందుకు వచ్చింది.

"చూసేవాళ్ళు చెట్టుకింద కూర్చుంటారు నాయనా. ఆడేవాళ్ళు ఎగరాలి, దూకాలి, మళ్ళీ కొండలు దాటి ఇంకో అడవికి నడవాలి. అలిసిన కాలు తేరుకోవడానికి వ్యవధి ఉండొద్దా?"

"నువ్వు పెద్దదానివయ్యావు అత్తా, అందుకే అలా అనిపిస్తుంది" అని నవ్వాడు నీలకంఠం.

చెంగి కూడా నవ్వింది. "నాకు అలుపేమిటి అత్తా! రోజుకు రెండు ఆటలు పెట్టినా ఆడతాను."

పోటీలు మొదలయ్యాయి. నల్లమ్మ తన ఆటగాళ్ళను వంతులవారీగా కూర్చోబెట్టింది. గోగులు అనే కొండముచ్చు ఒకరోజు ఆడితే మరునాడు నీడలో పడుకునేవాడు. కుందేళ్ళూ అంతే. చెంగి మాత్రం కూర్చోనని మొండికేసింది.

"జనం నా పేరే పిలుస్తున్నారు. నేను లేకపోతే వాళ్ళు చిన్నబోరూ?" అనేది.

నల్లమ్మకు దాని మొహం చూస్తే కాదనబుద్ధి అయ్యేది కాదు.

కొన్నాళ్ళకు చెంగిలో మార్పు వచ్చింది. గడ్డి నములుతూ నములుతూనే కునికిపాట్లు పడేది. ఎగిరి దిగేటప్పుడు వెనక కాలు ఒకటి సరిగ్గా ఆనేది కాదు. అది గోగులు కంటపడింది.

"చెంగీ, కాలు నొప్పిగా ఉందా?"

"ఉష్, అత్తకు చెప్పకు. ఈ ఒక్క ఆట అవనీ" అంది చెంగి.

ఆ ఆట అయింది. దాని వెనకే మరొకటి వచ్చింది.

ఒకరోజు కొండ దాటి పొరుగు అడవికి చేరేసరికే చెంగి ఒళ్ళు హూనమైంది. అయినా బరిలోకి దిగింది. బంతి వచ్చింది. చెంగి ఎగిరింది. బంతి బుట్టలో పడింది. చెంగి మాత్రం నేల మీద కుప్పకూలింది.

జనం కేకలు ఒక్కసారిగా ఆగిపోయాయి. నల్లమ్మ పరుగెత్తుకొచ్చి చెంగి తలను ఒడిలో పెట్టుకుంది.

"లేవలేకపోతున్నాను అత్తా" అని ఏడ్చింది చెంగి.

"లేవొద్దు తల్లీ. తప్పు నాది కూడా. నిన్ను గట్టిగా కూర్చోబెట్టాల్సింది" అంది నల్లమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

ఆ వారంలోనే మిగతా జట్లలోనూ ఆటగాళ్ళు ఒక్కొక్కరే పడిపోయారు. ఒక కణితి దుప్పికి మోకాలు వాచింది. ఒక అడవిపిల్లికి మడమ బెణికింది. ఆఖరి ఆట నాటికి బరిలో నిలబడేవాళ్ళే కరువయ్యారు. చూడవచ్చినవాళ్ళు తమకిష్టమైన ఆటగాళ్ళు కనబడక ఇంటిదారి పట్టారు. ఖాళీ బరి మధ్య నీలకంఠం ఒక్కడే మిగిలాడు.

సిగ్గుపడుతూ చెంగి దగ్గరికి వచ్చాడు. "నన్ను క్షమించమ్మా. ఆటలు పెంచాను కానీ ఆడేవాళ్ళను చూసుకోలేదు."

"నేనూ నా కాలి మాట వినలేదు మామా" అంది చెంగి.

వానాకాలమంతా నల్లమ్మ చెంగికి నల్లేరు కాడలు దంచి కట్టు కట్టింది. గోగులు లేత చిగుళ్ళు తెచ్చి తినిపించాడు. చలికాలం నాటికి చెంగి మెల్లగా నడిచింది. ఎండలు వచ్చేసరికి పరుగెత్తింది.

మరుసటి ఏడు నీలకంఠం ముందుగా నల్లమ్మను అడిగి, ఆటకూ ఆటకూ మధ్య విశ్రాంతి రోజులు పెట్టాడు. అయినా ఒకసారి దూరపు అడవికి నడిచి వెళ్ళాక చెంగికి కాళ్ళు బరువనిపించాయి. జనం పేరు పెట్టి పిలుస్తున్నారు. చెంగి నల్లమ్మ పక్కకు వచ్చింది.

"అత్తా, ఇవాళ నేను కూర్చుంటాను."

నల్లమ్మ కాస్త పక్కకు జరిగి చోటిచ్చింది. ఆట చూస్తూ చూస్తూనే చెంగి నిద్రపోయింది. దాని మొహం మీద ఎండ పడకుండా నల్లమ్మ అడ్డంగా కూర్చుంది.

చెంగి లేచేసరికి ఆట అయిపోయింది.

"గెలిచామా అత్తా?"

"ఓడిపోయాం" అంది నల్లమ్మ. "అయితేనేం, అందరం మన కాళ్ళ మీద నడుచుకుంటూ ఇంటికెళ్తున్నాం. పద!"

నీతి: ఎంత గట్టివాళ్ళకైనా విశ్రాంతి కావాలి, ఆటను ప్రేమించేవాళ్ళు ఆడేవాళ్ళ ఒంటిని కూడా కాపాడాలి.