రేకు మర, ఇత్తడి మర

అనగనగా, కాఫీ తోటలు కొండ దిగివచ్చి ఊళ్ళోకి తొంగిచూసే చోట గంధవరం అనే పట్నం ఉండేది. ఆ పట్నంలో శరభయ్య అని ఒక పట్టుబట్టల వర్తకుడు. అతనికి ఒక అక్క, పేరు గురవమ్మ.

అమ్మా నాన్నా చిన్నప్పుడే పోతే, గురవమ్మ ఇరుగుపొరుగు ఇళ్ళకు తిరగలిలో పిండి విసిరి తమ్ముణ్ణి పెంచింది. విసిరి విసిరి ఆమె అరచేతులు కాయలు కాశాయి. ఆ కాయల పుణ్యమే శరభయ్య దుకాణం. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసిన సంగతిని మరిచిపోవడానికి పడినంత కష్టం అతను వ్యాపారంలో కూడా పడలేదు!

గంధవరంలో గొప్పింటికి గుర్తు కాఫీ. మామూలు కాఫీ కాదు పిల్లలూ. మూసిన ఇత్తడి చెంబులో ఆవిరి పొంగితే, వేడినీళ్ళు పొడిలోంచి తోసుకుంటూ వచ్చి గుక్కెడు చిక్కటి డికాషన్‌గా దిగుతాయి. మీద తేనెరంగు నురగ. పొడి బరకగా ఉంటే నీళ్ళు పరుగెత్తి పులుపు తేలుతుంది. మరీ మెత్తగా ఉంటే నీళ్ళు ఆగిపోయి చేదెక్కుతుంది. గింజలన్నీ సమంగా నలగాలి. అందుకే కిటుకంతా గింజలు విసిరే మరలో ఉంది.

శరభయ్య సావిట్లో ఒక ఇత్తడి మర ఉండేది. దాని ఒంటినిండా సింహాలు, పిడికి బంగారు పూత. ఒక జత ఎడ్ల ధర పోసి కొన్నాడు. పైన పటారం, లోన లొటారం! లోపల ఉన్నది ఒక్క కత్తి రెక్క. అది గింజను నలపదు, నరుకుతుంది. సగం దుమ్ము, సగం నూక.

ఆ కాఫీ తాగలేక గురవమ్మ సంతకు వెళ్ళి చవకలో ఒక రేకు మర తెచ్చింది. దాని లోపల రెండు ఉక్కు బిళ్ళలు, ఒకదానిమీద ఒకటి చదునుగా, సన్నటి గాట్లతో ఉన్నాయి.

"తమ్ముడూ, చూడ్డానికి డొక్కుగా ఉంది గానీ, ఇది మన తిరగలికి మనవరాలురా!" అంది.

ఆనాటి నుంచి ఆ ఇంటి కాఫీ వీధంతా ఘుమఘుమలాడింది. శరభయ్య మాత్రం రేకు మరను వెనక గదిలో పెట్టించి తలుపు మూశాడు. అక్క ఆ తలుపు వెనకే విసిరేది.

ఒకరోజు పొరుగింటి కోటిలింగం వచ్చాడు. కాఫీ తాగి కళ్ళు మూసుకున్నాడు. "ఆహా! ఏ మరలో విసిరారు శరభయ్యగారూ?"

"అదిగో, అందులోనే," అని శరభయ్య సావిట్లోని ఇత్తడి మరను చూపించాడు.

పాపం కోటిలింగం! భార్య గాజులు అమ్మి అలాంటిదే కొని, నెల తిరక్కుండా కాఫీ మానేశాడు.

మరొకరోజు నగర పెద్ద భద్రప్ప శ్రేష్ఠి వచ్చాడు. తలుపు వెనక నుంచి కిర్రు కిర్రుమని చప్పుడు. "లోపల ఎవరు?" అన్నాడు.

శరభయ్యకు చెవులు వేడెక్కాయి. "ఎవరూ లేరండి. పనిమనిషి, పప్పు విసురుతోంది."

గురవమ్మ విన్నది. ఆ సాయంత్రం కూర్చుని, మర ఇరుసుకు ఆముదం రాసింది. చప్పుడైతే తమ్ముడికి నామోషీ కదా! అది చూసి శరభయ్య సిగ్గుతో గుటక మింగాడు. మింగిన సిగ్గు అరిగిపోతుందనుకున్నాడు.

ఇక మూడోసారి వచ్చింది సాక్షాత్తూ రాణి రుచిరాదేవి.

"వర్తకుడా, నీ కాఫీ గురించి చాలా విన్నాను. నా ఎదుటే విసిరి ఇవ్వు. మెప్పిస్తే కోటకు కావలసిన పట్టంతా ఇకనుంచి నీ దుకాణానిదే."

ఎదుట ఉన్నది ఇత్తడి మర. గత్యంతరం లేక శరభయ్య అందులోనే గింజలు పోసి తిప్పాడు. చెంబులోంచి డికాషన్ ఒకసారి పరుగెత్తింది, ఒకసారి ఆగింది. రాణి ఒక్క గుక్క తాగి, ముఖం చిట్లించి గిన్నె కింద పెట్టింది.

అప్పుడు వెనక తలుపు తెరుచుకుంది. తలమీద కొంగు కప్పుకుని గురవమ్మ వచ్చింది. చేతిలో ఇంకో గిన్నె.

"అయ్యగారూ, తమరు చెప్పినట్టే రెండో కాఫీ తెచ్చానండి. మొదటిది మర కడగడానికే అన్నారు కదా."

అయ్యగారూ! వేలు పట్టి నడిపించిన అక్క, కొసరి కొసరి ముద్దలు పెట్టిన అక్క, తమ్ముడి పరువు కోసం అతన్ని అయ్యగారూ అంది. శరభయ్యకు నేల విచ్చుకుంటే బాగుండుననిపించింది.

రాణి తాగింది. ముఖం విప్పారింది. "అమృతం! శరభయ్యా, పట్టు బేరం నీకే. కానీ ఈ పనిమనిషిని నాకిచ్చెయ్యి. కోట వంటింట్లో ఉంటుంది. ఏమంటావు?"

గురవమ్మ తల ఎత్తలేదు. తమ్ముడు ఊఁ అంటే వెళ్ళిపోవడానికి సిద్ధంగా నిలబడింది. గిన్నె దించిన ఆ అరచేతుల్లో కాయలు కనబడుతున్నాయి.

శరభయ్య రాణి కాళ్ళముందు కూలబడ్డాడు.

"మహారాణీ, ఈమె పనిమనిషి కాదు. నన్ను పెంచిన మా అక్క. ఆ కాఫీ ఈ ఇత్తడి మరది కాదు, అక్క తెచ్చిన రేకు మరది. మరను చూసి సిగ్గుపడ్డాను. తర్వాత అక్కను చూసి కూడా సిగ్గుపడ్డాను. ఇప్పుడు నన్ను చూసి నాకే సిగ్గేస్తోంది. మీ బేరం నాకొద్దు. మా అక్కను తీసుకుపోకండి."

రాణి లేచి నిలబడింది. "బేరం నీకెలాగూ లేదు. తోబుట్టువునే దాచినవాడు పట్టులో చిరుగు దాచడా?" అంది. తర్వాత గురవమ్మ చెయ్యి పట్టుకుని తన పక్కనే కూర్చోబెట్టుకుంది. "అమ్మా, మనిద్దరికీ ఇంకో కాఫీ కావాలి. ఈసారి మీ తమ్ముడు విసురుతాడు."

రేకు మర సావిట్లోకి వచ్చింది. రాణి చూస్తుండగా, ఊరి పెద్దలు గుమ్మంలోంచి తొంగిచూస్తుండగా, శరభయ్య చెమటలు కక్కుతూ విసిరాడు. కాఫీ బాగానే కుదిరింది.

రాణి వెళ్ళిపోయాక గురవమ్మ తమ్ముడి తల నిమిరింది. "చేతులు నొప్పెడుతున్నాయిట్రా?" అంది. ఆ మాటకు శరభయ్య వెక్కి వెక్కి ఏడ్చాడు.

మర్నాడే కోటిలింగం ఇంటికి వెళ్ళి నిజం చెప్పి, తన ఇత్తడి మర అమ్మి అతని భార్యకు గాజులు కొనిచ్చాడు. రేకు మర సావిట్లోనే ఉండిపోయింది. రోజులు గడిచి మళ్ళీ కిర్రుమంటే, గురవమ్మ ఆముదం గిన్నె తెచ్చేది.

"వద్దక్కా, అరవనీ. నేను వినాలి," అనేవాడు శరభయ్య. ఎవరొచ్చినా, అడక్కముందే "ఇది మా అక్క తెచ్చిన మర," అని చెప్పి, తనే కూర్చుని విసిరేవాడు.

కాబట్టి పిల్లలూ, ఎవరి కష్టం మీద మన పరువు నిలబడిందో వాళ్ళను దాచిపెడితే, చివరికి తల దాచుకోవలసింది మనమే.