రెండో కుర్చీ

ఫుట్‌బాల్ కోచ్ కావడానికి తర్ఫీదు పొందుతున్న నెరేయా ఒకరోజు ఎలోయ్ మాస్టారిని అడిగింది: "మన దగ్గర నేర్చుకునేవాళ్ళకి ఎంతవరకూ చెప్పాలి మాస్టారూ? ఎక్కడ ఆపాలి?"

ఎలోయ్ స్పెయిన్ ఉత్తర తీరంలోని ఒక రేవు పట్టణపు జట్టుకి పద్నాలుగేళ్ళు మిడ్‌ఫీల్డర్‌గా ఆడారు. మోకాళ్ళు అరిగాక అదే జట్టుకి సహాయ కోచ్ అయ్యారు. ప్రధాన కోచ్ మైదానం అంచు గీత దగ్గర నిలబడి అరుస్తుంటే, ఈయన బెంచీలో రెండో కుర్చీ మీద మాట్లాడకుండా కూర్చునేవారు.

"ఆదివారం మ్యాచ్‌లో బంతిని చూడకు. ఉనాయ్ కళ్ళను చూడు," అన్నారాయన.

ఉనాయ్‌కి ఇరవై రెండేళ్ళు. పదమూడో ఏటినుంచీ ఎలోయ్ దగ్గరే ఆట నేర్చుకున్నాడు. పై నెలలో దక్షిణాదిన ఒక పెద్ద క్లబ్బుకి వెళ్ళిపోతున్నాడు. సొంత మైదానంలో అతనికి అదే చివరి ఆట. లీగ్ పట్టికలో జట్టు స్థానం ఎప్పుడో తేలిపోయింది; జనం అతన్ని సాగనంపడానికే వచ్చారు. అతని తల్లి కొత్త కోటు వేసుకుని ముందు వరుసలో కూర్చుంది.

బంతి కాలికి అందే ముందు ప్రతిసారీ ఉనాయ్ చూపు ఒక్క క్షణం బెంచీ వైపు పోవడం నెరేయా చూసింది. ఎలోయ్ గడ్డం ఎటు కదిలితే బంతి అటు వెళ్ళేది. జనం చప్పట్లు కొట్టేవారు.

విరామంలో ఆమె చెప్పింది: "ఇరవై ఆరుసార్లు మీ వైపు చూశాడు."

"ఇరవై ఏడు. ఒకటి నీ కన్ను తప్పింది." ఆయనే మళ్ళీ, "తొమ్మిదేళ్ళుగా నాకది ముచ్చటగానే ఉంది," అన్నారు.

తర్వాత వెళ్ళి, రెండో సగానికి బెంచీలో ఉండనని ప్రధాన కోచ్‌ని సెలవడిగారు. "ఇవాళేనా?" అని అతను విసుక్కున్నాడు గాని కాదనలేదు. ఎలోయ్ టోపీ కిందికి లాక్కుని, నెరేయాని వెంటబెట్టుకుని స్టాండ్‌లో చిట్టచివరి వరుసకి ఎక్కారు. ఒక ముసలి అభిమాని గుర్తుపట్టి, "ఏం ఎలోయ్, ఉద్యోగం ఊడిందా?" అన్నాడు.

ఆట మళ్ళీ మొదలయింది. ఉనాయ్ బెంచీ వైపు చూశాడు. రెండో కుర్చీ ఖాళీ. అతను తడబడిన ఆ అరక్షణంలో ఎదుటివాడు బంతి లాక్కుపోయి గోల్ కొట్టాడు. మళ్ళీ చూశాడు, మళ్ళీ పోగొట్టుకున్నాడు. సాగనంపడానికి వచ్చిన జనమే ఈలలు వేసి వెక్కిరించారు. తల్లి తల దించుకుంది. నెరేయా పక్కకి తిరిగేసరికి ఎలోయ్ సగం లేచి ఉన్నారు. ముందు సీటుని గట్టిగా పట్టుకుని మెల్లగా కూర్చున్నారు.

ఆట ఇంకో పది నిమిషాల్లో ముగుస్తుందనగా బంతి మళ్ళీ అతని వైపు వచ్చింది. ఈసారి ఉనాయ్ తల బెంచీ వైపు తిరగలేదు. భుజం మీదుగా వెనక్కి చూసుకుని, ఎలోయ్ అయితే ఎప్పటికీ ఎంచుకోని వైపు బంతిని పంపాడు. అది గోల్ కాలేదు. జట్టు ఓడిపోయింది.

దుస్తులు మార్చుకునే గది బయట ఉనాయ్ ఎదురుపడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎక్కడికి పోయారు?"

"పై వరుసలోకి."

అతను తల్లి దగ్గరికి నడిచాడు.

నెరేయా ఉండబట్టలేకపోయింది. "అతని ఆఖరి రోజు మాస్టారూ. ఈ పని ఇవాళే చెయ్యాలా?"

"పై నెలలో అక్కడ రెండో కుర్చీలో నేనుండను. ఇవాళ స్టేడియంలోనైనా ఉన్నాను," అన్నారు ఎలోయ్.